మధ్యలో మనిషి వస్తే

మూడో ఫారం నింపడానికి పంతులమ్మకు అరగంట పట్టింది. మొదటి రెండూ పది నిమిషాల్లో అయిపోయాయి. ఈసారి రాయవలసిన సంగతి పెద్దది, చేతిలో ఉన్న ఇంగ్లీషు చిన్నది.

సంగతి ఆ ఉదయమే జరిగింది. తడి దుప్పట్లను వేడి రోలరు మీదికి అందించే పొడుగామె చొక్కా చెయ్యి దుప్పటి అంచుతో పాటు లోపలికి పోవడం మొదలుపెట్టింది. ఆవిడ అరవనైనా అరవలేదు, నోరు తెరుచుకుని నిలబడిపోయింది. నాలుగు బల్లల అవతల దిండు గలీబులు మడతపెడుతున్న పిన్ని చేతిలోవి కింద పారేసి పరుగెత్తింది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకునే మనిషి ఎలా పరుగెత్తిందో ఎవరికీ తెలియదు. ఎర్ర మీట మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది. రోలరు ఆగింది. పొడుగామె చెయ్యి మోచేతి దాకా కమిలింది కానీ కాలలేదు. ఆగిన రోలరు మళ్ళీ పూర్తిగా వేడెక్కేసరికి నలభై నిమిషాలు పట్టింది.

ఇదంతా ఇంగ్లీషులో రాయాలి. చొక్కా చేతిని ఇంగ్లీషులో ఏమంటారో పంతులమ్మకు తట్టలేదు. చెయ్యి అని రాస్తే చెయ్యి పోయిందనుకుంటారేమో. చొక్కా అని రాస్తే, ఎవరి చొక్కా, ఉతకడానికి వచ్చిందా అంటారేమో. రాసి కొట్టేసి, చివరికి గుడ్డ అని రాసింది. మిషన్లో గుడ్డ ఇరుక్కుంది. ఈమె మిషన్ ఆపింది. ఎవరూ చెప్పలేదు. తనంతట తానే ఆపింది. 'ఎవరూ చెప్పలేదు' అన్న మాట కింద స్కేలు పెట్టి మరీ గీత గీసింది. పిన్ని గొప్పతనమంతా అక్కడే ఉందని ఆమె ఉద్దేశం.

ఆ లాండ్రీకి ఊళ్ళోని హోటళ్ళ నుంచీ ఆసుపత్రుల నుంచీ మూటలు వస్తాయి. మడతల హాల్లో పద్దెనిమిది మంది ఆడవాళ్ళు. వాళ్ళ మీద సూపర్వైజరు పంతులమ్మ. ఆ పేరు ఆమె పుట్టిన పేరు కాదు. ఎవరేం మాట్లాడినా సరిచేసే అలవాటు వల్ల తోటివాళ్ళు తగిలించినది. సూపర్వైజరు ఉద్యోగం కోసం పిలిచినప్పుడు, ఇంగ్లీషు వచ్చా అని అడిగితే, ప్రశ్న పూర్తి కాకముందే వచ్చు సార్ అంది. వచ్చు కూడా. బోర్డులు చదవగలదు, మూటల మీద చీటీలు చదవగలదు, గుడ్ మార్నింగ్ దగ్గర్నుంచి నో ప్రాబ్లం దాకా మాట్లాడగలదు. మధ్యలో ఎక్కడైనా అర్థం కాకపోతే తల ఊపుతుంది. తల ఊపడం ఏ భాషలోనైనా చెల్లుతుంది.

మేనేజరు కొత్తవాడు. మెత్తగా మాట్లాడతాడు. దేన్నైనా అదే చిరునవ్వుతో చెబుతాడు, కరెంటు పోయిందన్నా, జీతాలు పడ్డాయన్నా. నెల కిందట ఒక మధ్యాహ్నం హాల్లో తిరుగుతూ, తన బల్ల వదిలి పొడుగామెకు దుప్పటి పట్టడం నేర్పుతున్న పిన్నిని చూసి ఆగాడు. ఆవిడ అక్కడేం చేస్తోందని అడిగాడు. హెల్పింగ్ సార్ అంది పంతులమ్మ. ఆయన చిరునవ్వు నవ్వి, "రైట్ హర్ అప్," అన్నాడు. ఓకే సార్ అంది పంతులమ్మ.

రైట్ అంటే రాయడం. అప్ అంటే పైకి. ఆవిడ గురించి రాసి పైకి పంపమంటున్నాడు. పాపం, వచ్చి మూడు నెలలు కాలేదు, అప్పుడే మనిషి విలువ తెలుసుకున్నాడనుకుంది. ఫారం ఎక్కడుందని గుమస్తాను అడిగితే సొరుగులోంచి తీసి ఇచ్చాడు. దాని తల మీద మూడు పొడి అక్షరాలూ ఒక నంబరూ తప్ప ఇంకేమీ లేదు. మొదటి ఫారంలో, ఈమె తన బల్ల వదిలి వెళ్ళి రోజుకు మూడు నాలుగుసార్లు ఇతరులకు సాయం చేస్తుందని రాసింది. వారం తర్వాత మేనేజరు మళ్ళీ అదే మాట అన్నప్పుడు, ఇతరులు మడిచినవి నచ్చకపోతే ఈమె విప్పి మళ్ళీ మడుస్తుందనీ, టైము పట్టించుకోదనీ, శుభ్రమే పట్టించుకుంటుందనీ రెండో ఫారంలో రాసింది. పక్కన కుట్టు గది ఉంది. చిరిగిన దుప్పట్లకు అతుకులు వేసే పని, కుర్చీలో కూర్చుని చేసేది. అక్కడ ఒక స్థానం ఖాళీ అవబోతోందని ఆమెకు తెలుసు. పిన్ని మోకాళ్ళకు ఆ కుర్చీ దొరకాలని ఆమె ఆశ.

మూడో ఫారం తీసుకెళ్ళి గుమస్తా బల్ల మీద పెట్టింది. అతను చదివి, ముద్ర వేసి, మిగతా రెండింటితో కలిపి పిన్ను గుచ్చాడు.

"మూడూ అయినట్టే," అన్నాడు.

అంటే ఏమిటని అడగడానికి ఆమె నోరు తెరిచింది. గుమస్తా ముఖంలో ఏదో ఉంది. ఆమె నోరు మూసుకుని, తల ఊపి, హాల్లోకి వచ్చేసింది.

మర్నాడు పదకొండు గంటలకు పిన్నికి ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. పిన్ని అంటే ఆ హాల్లో అందరికీ పిన్నే. ఆవిడ కంటే నాలుగేళ్ళు పెద్దదైన ఆవిడ కూడా పిన్నీ అనే పిలుస్తుంది. పిన్ని మడుస్తున్న గలీబు మడిచి, దొంతర సరిచేసి, చేతులు ఏప్రానుకు తుడుచుకుంటూ బయలుదేరింది. పంతులమ్మ ఎదురెళ్ళి భుజం తట్టింది.

"భయపడకు పిన్నీ. అంతా మంచికే," అంది, కన్ను కూడా గీటింది.

పిన్ని ఆమెకేసి అదోలా చూసి వెళ్ళిపోయింది. పంతులమ్మ ఊరుకోలేక పొడుగామె దగ్గరికి వెళ్ళి, ఇవాళ ఒక మంచి కబురు వినబోతున్నామని చెప్పింది. చేతికి కట్టు కట్టుకుని ఒంటిచేత్తో పనిచేస్తున్న పొడుగామె, పిన్నికేనా, అయితే నేను కొబ్బరికాయంత లడ్డూ పెడతాను అంది. నాలుగు బల్లల దాకా నవ్వులు వినబడ్డాయి.

పిన్ని పావుగంటలో తిరిగి వచ్చింది. చేతిలో ఒక తెల్ల కవరు. నేరుగా తన పెట్టె దగ్గరికి వెళ్ళి తాళం తీసింది. దువ్వెన, మందుబిళ్ళల డబ్బా, మోకాలికి చుట్టుకునే పట్టీ, ఒక జత చెప్పులు తీసి సంచీలో వేసుకుంది. తర్వాత ఏప్రాను విప్పి, బల్ల మీద పరిచి, ముడతలు అరచేత్తో సాపుచేసి, అంచుకు అంచు కలిపి నాలుగు మడతలు పెట్టింది. దాని మీద పెట్టె తాళంచెవి పెట్టి పంతులమ్మకు అందించింది.

"ఈ రెండూ సూపర్వైజరుకి అప్పగించాలట. ముట్టినట్టు నువ్వు సంతకం పెట్టాలట."

పంతులమ్మకు మొదట అర్థం కాలేదు. కుట్టు గదిలో వేరే ఏప్రాను ఇస్తారు కాబోలనుకుంది. "ఎప్పట్నుంచి అక్కడ?" అని అడిగింది.

"ఎక్కడ?"

"కుట్టు గదిలో."

పిన్ని సంచీ భుజాన వేసుకుంటూ ఆగింది. "నన్ను తీసేశారు," అంది. గొంతు పెంచలేదు. "నీకు తెలీదా?"

చుట్టూ మడతలు ఆగిపోయాయి. రోలరొక్కటే తిరుగుతోంది. పంతులమ్మ ఎందుకు అని అడగబోయి ఆగింది. ఎందుకంటే, ఆ క్షణంలో, గుమస్తా ముఖంలో కనబడ్డదేమిటో ఆమెకు సగం తెలిసిపోయింది. పిన్ని గోడ పట్టుకుని మూడు మెట్లూ దిగి వెళ్ళిపోయింది. ఏప్రాను పంతులమ్మ చేతుల్లో ఇంకా వెచ్చగా ఉంది.

ఆ రోజంతా ఆమె ఆఫీసు వైపు వెళ్ళలేదు. వెళ్ళి అడిగితే తెలిసిపోతుంది. తెలియనంతసేపే ఏదో వేరే కారణం ఉండొచ్చని అనుకోవచ్చు. వయసు చూసి తీసేశారేమో, మోకాళ్ళు చూసి తీసేశారేమో. దిండు గలీబులు లెక్క తప్పింది, మళ్ళీ లెక్కపెట్టింది, మళ్ళీ తప్పింది. పొడుగామె రెండుసార్లు దగ్గరికొచ్చి, మంచి కబురన్నావు కదా అని అడగబోయి, ఆమె ముఖం చూసి వెనక్కెళ్ళింది.

సాయంత్రం ఇంట్లో కూతురు తొమ్మిదో తరగతి పుస్తకాలు నేల మీద పరుచుకుని కూర్చుంది. మర్నాడు ఇంగ్లీషు పరీక్ష ఉందట. అన్నం తింటూనే వల్లె వేస్తోంది. గివ్ అప్, పుట్ ఆఫ్, టేక్ ఆఫ్. భర్త కంచం ముందు కూర్చుని, ఆ పిల్ల ఏదో మోటారు విప్పుతున్నట్టుంది, అన్నీ ఆఫులూ అప్పులూనూ అన్నాడు. కూతురు నవ్వి, క్రియ పక్కన చిన్న ముక్క చేరితే అర్థమే మారిపోతుందనీ, గివ్ అంటే ఇవ్వడమైతే గివ్ అప్ అంటే మానెయ్యడమనీ, విడివిడిగా తెలిసినంత మాత్రాన కలిపితే తెలిసినట్టు కాదనీ వాళ్ళ టీచరు చెప్పినట్టే చెప్పింది.

పంతులమ్మ కూర గిన్నె మీద మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"రైట్ అప్ అంటే?" అంది, మామూలుగా.

అది వాళ్ళ జాబితాలో లేదట. కూతురు బడి లైబ్రరీ నుంచి తెచ్చుకున్న లావుపాటి నిఘంటువు తిప్పింది. "ఇదిగో. ఒక విషయాన్ని వివరంగా, పూర్తిగా రాసిపెట్టడం," అని చదివింది.

పంతులమ్మ గుండెల్లో నుంచి ఊపిరి బయటికొచ్చింది. పొద్దున్నుంచి అది ఎక్కడ ఆగిపోయిందో ఏమో. తాను రాసినది అదే, వివరంగానే, పూర్తిగానే. భర్త కంచంలో ఇంకాస్త కూర వేసింది. ఊరుకోవచ్చు ఇక. కానీ నాలుక ఊరుకోలేదు.

"మధ్యలో హర్ వస్తే? రైట్ హర్ అప్ అంటే?"

కూతురు వేలు పేజీ మీద కిందికి జారింది. ఆగింది. "ఇంకో అర్థం కూడా ఉందమ్మా. పనిలో తప్పు చేసినవాళ్ళ మీద పైవాళ్ళకి రాతమూలకంగా ఫిర్యాదు చెయ్యడం. చూశావా, గమ్మత్తుగా ఉంది. మధ్యలో వస్తువు వస్తే ఒకటి, మనిషి వస్తే ఇంకొకటి." తర్వాత తలెత్తింది. "ఎవరన్నా నిన్ను అన్నారా అమ్మా?"

"లేదు తల్లీ. ఎవరూ అనలేదు."

ఆమె లేచి గిన్నెలు తీసి కుళాయి కింద పెట్టింది. నీళ్ళు ఎక్కువ తిప్పింది, చప్పుడు కోసం. బల్ల వదిలి తిరుగుతుంది. మడిచినవి విప్పుతుంది. టైము పట్టించుకోదు. ఎవరూ చెప్పకుండా మిషన్ ఆపింది. తాను పొగడ్తగా రాసిన ప్రతి వాక్యమూ నేరమై నిలబడింది. ఆఖరిదాని కింద స్కేలు పెట్టి గీసిన గీత కూడా ఉంది.

తెలియక రాశాను అనుకోబోయింది. ఆ మాట పట్టుకుని తప్పించుకోవడానికి మనసు గట్టిగానే ప్రయత్నించింది. కానీ రెండో ఫారం ఇచ్చిన రోజు గుర్తొచ్చింది. గుమస్తా కాగితం చదివి, మళ్ళీ పిన్ని మీదేనా, మీకూ ఆవిడకీ పడదా ఏంటి అని అడిగాడు. అప్పుడు ఆమె నవ్వేసి వచ్చేసింది. ఆ నవ్వుకి అర్థం ఆమెకు తెలుసు. పొగడ్త కాగితం చూసి ఎవరూ అలా అడగరని అప్పుడే లోపలెక్కడో కలుక్కుమంది. అడిగితే, ఇదేమిటో నాకు తెలియదని చెప్పినట్టవుతుంది. తెలియదని చెబితే, ఇంగ్లీషు వచ్చని కుర్చీ ఎక్కినావిడకి ఇదీ రాదా అంటారు. అందుకని నవ్వింది. ఆ నవ్వు తర్వాతే మూడో ఫారం రాసింది.

గిన్నె తోమిందే తోముతుంటే భర్త వచ్చి, అది కొత్తదైపోయింది, ఇక వదిలెయ్యి అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు దిగాక పిన్ని ఇంటికి వెళ్ళింది. వీధి చివర రెండంతస్తుల ఇల్లు, మేడ మీద ఒక గది పిన్నిది. పదిహేను మెట్లు. ఈ మెట్లు రోజూ ఎలా ఎక్కుతుందో అనుకుంటూ ఎక్కింది. పిన్ని కిటికీ దగ్గర కూర్చుని ఇంటివాళ్ళ కర్టెనుకు అంచు కుడుతోంది. పంతులమ్మను చూసి ఆశ్చర్యపోలేదు. రా అని, ఉన్న ఒక్క కుర్చీ చూపించి, తాను మంచం మీదికి జరిగింది. మంచినీళ్ళు తాగుతావా అని అడిగి, లేవబోయి, మోకాలు పట్టుకుంది. పంతులమ్మ తానే వెళ్ళి ముంచుకుని తాగింది.

దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. పిన్నే మొదలుపెట్టింది. నువ్వేం బాధపెట్టుకోకు అంది. మొదటి కాగితం పెట్టిన రోజే గుమస్తా తనకు చెప్పాడట, మీ సూపర్వైజరు మీ మీద రాసింది, మూడైతే తీసేస్తారు, జాగ్రత్త అని.

పంతులమ్మ గ్లాసు కింద పెట్టింది. "తెలిసి నన్ను అడగలేదేం పిన్నీ?"

పిన్ని సూదిలో దారం ఎక్కిస్తూ తాపీగా చెప్పింది. మనుషుల్ని తగ్గించమని పైనుంచి ఒత్తిడి వచ్చి ఉంటుందనుకుందట. ఎవరో ఒకరి పేరు రాయకపోతే నీ ఉద్యోగానికే ముప్పు అని మేనేజరు అని ఉంటాడనుకుందట. పద్దెనిమిది మందిలో ఒకరు పోవాలంటే, పిల్లలున్నవాళ్ళకంటే ముసలి మోకాళ్ళున్నది పోవడమే సబబు కదా అనుకుందట. ఆ ముక్క అడిగి, నీ చేత అబద్ధమాడించడం ఎందుకని ఊరుకుందట.

"నీ స్థానంలో నేనున్నా అంతే చేసేదాన్నేమో. కోపం లేదు నాకు. కాకపోతే, ఆఫీసుకు వెళ్తుంటే అంతా మంచికే అని కన్ను గీటావు చూడు, అదొక్కటే నాకు మింగుడు పడలేదు. అంత అవసరమా అనిపించింది."

ఇక్కడ ఆగిపోవచ్చని పంతులమ్మకు తెలుసు. క్షమించేసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. ఒత్తిడి వల్లే రాశాను పిన్నీ అని కళ్ళు తుడుచుకుంటే సరిపోతుంది. పిన్ని కూడా ఒకసారి తల నిమిరి పంపించేస్తుంది. ఆమె కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

"నన్ను ఎవరూ ఒత్తిడి చెయ్యలేదు," అంది. "నువ్వు మంచిదానివని రాశాననుకున్నాను. మేనేజరు అన్న మాటకి అర్థం నాకు తెలీదు పిన్నీ. నిన్ను కుట్టు గదికి మారుస్తారనుకున్నాను."

తర్వాత అంతా చెప్పింది. ఏ ఫారంలో ఏం రాసిందో, గుడ్డ అని ఎందుకు రాసిందో, కూతురు నిఘంటువులో ఏం చదివిందో. గుమస్తా అడిగిన మాటా, తాను నవ్విన నవ్వూ కూడా దాచలేదు. పిన్ని చేతిలో సూది గుడ్డలోకి దిగి అలాగే ఉండిపోయింది.

"అనుమానం వచ్చిందన్నమాట నీకు," అంది.

"వచ్చింది."

"అడగొచ్చుగా."

"ఎవర్నడగను?"

"ఎవర్నైనా. గుమస్తాని. ఆ మేనేజర్ని. నీ కూతుర్ని. ఎవరూ కాకపోతే నన్ను. నాకు ఇంగ్లీషు రాదు. రాదని చెప్పడం వచ్చు." పిన్ని సూది తీసి దారం ఉండలో గుచ్చింది. "నువ్వు గతిలేక నా పేరు రాశావనుకున్నాను. నెల రోజులు నాకు నేనే నచ్చజెప్పుకుని, నీ మీద కోపం రాకుండా చూసుకున్నాను. ఇప్పుడు వస్తోంది. ఒక్క మాట అడగడానికి నామోషీ పడి నా పని పోగొట్టావు."

పంతులమ్మ ఏడవలేదు. ఏడిస్తే ఈవిడ ఓదార్చాల్సి వస్తుంది. ఆ పని కూడా ఈవిడ చేతే చేయించకూడదనుకుంది.

"వెళ్ళమ్మా ఇక," అంది పిన్ని కిటికీలోంచి బయటికి చూస్తూ. "వెలుతురుండగానే ఇది కుట్టివ్వాలి."

ఆదివారం గడిచింది. ఎలా గడిచిందంటే ఇంట్లో దుప్పట్లన్నీ ఉతికింది, ఉతికినవన్నీ మడిచింది, మడిచినవి నచ్చక విప్పి మళ్ళీ మడిచింది. సోమవారం పొద్దున్నే హాల్లోకి వెళ్ళకుండా ముందు పొడుగామెను వెంటబెట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది. బయట గుమస్తా తలెత్తి చూశాడు.

లోపల ఆమె ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు. మీరన్న మాటకి అర్థం తెలియక ఆ మూడు ఫారాలూ రాశానని తెలుగులోనే చెప్పింది. మేనేజరు మొదట నవ్వాడు, తర్వాత నవ్వలేదు. ఫైలు తెప్పించి మూడింటి నకళ్ళూ చదివాడు. మూడోది రెండుసార్లు చదివాడు. అందులో గుడ్డ అని ఉంది కదా, ఏ గుడ్డ కోసం నలభై నిమిషాలు ఆపారని అడిగాడు. పంతులమ్మ పొడుగామె వైపు తిరిగింది. పొడుగామె కట్టు విప్పి చెయ్యి బల్ల మీద పెట్టింది. మణికట్టు నుంచి మోచేతి దాకా నల్లగా, నీలంగా కమిలి ఉంది.

"రోలరు నా చొక్కా చెయ్యి పట్టుకుంది సార్. పిన్ని రాకపోతే చెయ్యే పోయేది."

"స్లీవ్," అన్నాడు మేనేజరు, తనలో తాను. "స్లీవ్ అని రాయాలి." అప్పుడు మాత్రం ఆయన ముఖం మీద చిరునవ్వు లేదు.

తర్వాత ఆయన చెప్పిన మాటలు న్యాయంగానే ఉన్నాయి. ఫారాలు పైఆఫీసుకు వెళ్ళిపోయాయనీ, వెనక్కి తెప్పించాలంటే రాసినవాళ్ళే అవి తప్పని రాసి సంతకం పెట్టాలనీ అన్నాడు. అలా రాస్తే ఇంగ్లీషు వచ్చన్న అబద్ధం కూడా బయటపడుతుందనీ, సూపర్వైజరుగా ఉంచడం తన చేతిలో ఉండదనీ అన్నాడు. కాస్త ఆగి, గొంతు ఇంకా మెత్తగా చేసి, ఆవిడకు ఎలాగూ ఆరోగ్యం బాగుండదట కదా, ఇంకెన్నాళ్ళు చేస్తుంది, మీరు బాగా ఆలోచించుకోండి అన్నాడు. చెడ్డవాడై అనలేదు. తన సంతకం కూడా ఆ మూడింటి కింద ఉంది.

పంతులమ్మ ఆలోచించుకోలేదని కాదు. ఆ గదిలో నిలబడ్డ రెండు నిమిషాల్లో కూతురి బడి, హాల్లో తన కుర్చీ, తోటివాళ్ళ నవ్వులూ అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

"కాగితం ఇవ్వండి సార్," అంది. "తెలుగులో రాస్తాను. ఇంగ్లీషులోకి మీరు మార్పించుకోండి. మార్చాక నాకు చదివి, అర్థం చెప్పి, అప్పుడు సంతకం పెట్టించుకోండి."

గుమస్తా బల్ల మూల కూర్చుని రాసింది. చొక్కా చెయ్యి అన్న మాట ఎక్కడా ఆగకుండా వచ్చేసింది. పిన్ని ఎందుకు బల్ల వదిలి వెళ్ళేదో, ఎవరెవరికి ఏమేం నేర్పిందో, పెట్టె మీద పెట్టెలా దొంతర నిలబడాలంటే మడత ఎలా ఉండాలో, అన్నీ రాసింది. రెండు కాగితాలు నిండాయి. చివర, అనుమానం వచ్చి కూడా అడగలేదు, ఆ తప్పు నాది అని రాసి చుక్క పెట్టింది. గుమస్తా అది చదువుతూ, నాకు తెలిసి కూడా మీకు సరిగ్గా చెప్పలేదండీ అని గొణిగాడు. ఆమె పెన్ను మూత పెట్టింది. ఎవరి వాటా వాళ్ళు మోసుకోవాలి.

ఎనిమిది రోజుల తర్వాత పిన్ని మళ్ళీ పనిలోకి వచ్చింది. కుట్టు గదిలోకి కాదు, తన పాత బల్ల దగ్గరికే. హాల్లో అందరూ చుట్టూ మూగారు. పొడుగామె నిజంగానే డబ్బా నిండా లడ్డూలు తెచ్చింది, కొబ్బరికాయంత కాదు కానీ నిమ్మకాయంతవి. ఇప్పుడు సూపర్వైజరు పొడుగామే. పంతులమ్మ ఏప్రాను కట్టుకుని పిన్ని ఎదురుబల్లకు వచ్చింది. పెద్ద మంచాల దుప్పట్లు ఇద్దరు లేకుండా మడవడం కుదరదు. ఆ పనికి మనిషి తక్కువై కొత్త సూపర్వైజరు ఆమెనే వేసింది.

మొదటి రోజు పిన్ని ఆమెతో పట్టు, వదులు, తిప్పు అన్న మూడు మాటలే మాట్లాడింది. రెండో రోజూ అంతే. లడ్డూ కూడా పంతులమ్మకు పొడుగామె ఇచ్చింది కానీ, డబ్బా పక్కనే ఉన్నా పిన్ని జరపలేదు. తినే వేళకి దూరంగా కిటికీ దగ్గరికి వెళ్ళి కూర్చునేది. పంతులమ్మ దగ్గరికి వెళ్ళే సాహసం చెయ్యలేదు. తోటివాళ్ళలో కొందరు చాటుగా నవ్వుకున్నారు, ఒకరిద్దరు చాటు కూడా చూసుకోలేదు. ఆమె ఎవర్నీ సరిచెయ్యలేదు.

మూడో రోజు పొడుగామె ఒక కాగితం పట్టుకుని ఆమె పక్కకొచ్చి, గొంతు తగ్గించి, ఇందులో ఒక మాట ఉంది, సార్‌ని అడిగితే బాగోదేమో, నీకేమన్నా తెలుసా అంది. పంతులమ్మ చూసింది. ఫిల్, ఇన్, ఫర్. మూడూ విడివిడిగా తెలిసినవే. నింపడమో, లోపలో, ఏదో ఒకటి చెప్పబోయిన నోరు ఆగింది.

"నాకు తెలీదు," అంది, అందరికీ వినబడేలా. "పద, వెళ్ళి అడుగుదాం."

చెవులు వేడెక్కాయి. అయినా నడిచింది. ఆఫీసులోంచి తిరిగొచ్చాక మళ్ళీ దుప్పటి కొస అందుకుంది. ఇద్దరూ నాలుగు దుప్పట్లు మడిచారు. ఐదోది సగంలో ఉండగా పిన్ని, దుప్పటి మీదే చూపు నిలిపి, అడిగింది.

"తెలిసిందా?"

"తెలిసింది. ఫిల్ ఇన్ ఫర్ అంటే, ఎవరైనా పనికి రానప్పుడు వాళ్ళ స్థానంలో నిలబడి వాళ్ళ పని చేసిపెట్టడం."

"మధ్యలో ఎవరన్నా వస్తే మారుతుందా?"

"అదీ అడిగాను. ఇందులో మనిషి మధ్యలో రారట, చివరే వస్తారట."

పిన్ని ఆ మాటని నోట్లో ఒకసారి తిప్పుకుంది. రెండోసారి ఇంకా వంకరగా వచ్చింది. "మనం రోజూ చేసేదే కదా," అంది. "దానికింత పేరుందా." అంచులు కలిపి, మడత మీద అరచెయ్యి పెట్టి నొక్కి, దొంతర మీదికి చేర్చింది. తర్వాతి దుప్పటి విదిలించింది. రెండో కొస గాలిలో పంతులమ్మ వైపు వచ్చింది.

"ఇంకోసారి చెప్పు," అంది. "మెల్లగా."